మొదటి జరిమానా నోటీసు

మా తెలుగు బడి తమిళనాడులో, హోసూరు దాటి బాగలూరు వెళ్ళే దారిలో ఉంది. నేనక్కడ ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నప్పుడు, పూల తోటల్లో పని ఎక్కువైతే చాలు, తరగతులు సగం ఖాళీ అయ్యేవి. విసిగిపోయి తల్లిదండ్రుల కమిటీ ఒక తీర్మానం చేసింది: కారణం చెప్పకుండా పిల్లల్ని పది రోజులు మాన్పిస్తే జరిమానా. ఎప్పుడు, ఎవరికి వేయాలో తేల్చే పని నాకు అప్పగించారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ అధికారం నాకు నచ్చింది కూడా.

ముందుగా పది రోజులు దాటింది ఏడో తరగతి అమ్మాయి. కర్నూలు వైపు నుంచి వచ్చి ఆ ఏడే చేరింది. తండ్రిది ఫ్యాక్టరీలో పని, తల్లిది గులాబీ తోటలో. రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబరు పనిచేయడం లేదు. పన్నెండో రోజున కమిటీ పెద్ద నా గదికి వచ్చాడు. ఆయనది తరతరాలుగా ఇక్కడే సేద్యం చేస్తున్న కుటుంబం.

"ఏమ్మా, ఇంకా యోచన చేస్తా ఉండారా? మొదటిదే వదిలేస్తే ఇంకెవరు భయపడతారు?"

సంతకం పెట్టాను. సాయంత్రం స్కూటర్ మీద నోటీసు నేనే తీసుకెళ్ళాను.

తండ్రి అప్పుడే షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. కాగితం చదివి నా మొహంలోకి చూశాడు.

"మాన్పించడమేంది మేడం? దినామూ యూనిఫాం ఏసుకుని, క్యారియర్ తీసుకుని పోతాంది గదా!"

"పన్నెండు రోజులుగా రాలేదప్పా."

తల్లి తడి చేతులతోనే గడప దగ్గరికి వచ్చింది. "అయితే నా బిడ్డ యాడికి పోతాంది?"

రోజూ ఐదింటికల్లా ఇల్లు చేరే పిల్ల ఐదున్నరైనా రాలేదు. హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సులు, బెంగళూరు బస్సులు నిమిషానికొకటి కదులుతుంటాయి. ఏదైనా ఎక్కేసిందేమోనని ముగ్గురికీ భయం పట్టుకుంది. తండ్రి బండి తీసి బస్టాండుకు పోయాడు. నేనూ తల్లీ తోటల వైపు గట్ల మీదుగా పరుగులాంటి నడకతో బయల్దేరాం.

మూడో తోటలో, పూలు కట్టలు కట్టే షెడ్డు దగ్గర ఒక ముసలావిడను అడిగాం. "ఆ పాపా? దినామూ వచ్చి ఈడే కూర్చుంటాది. బడికి సెలవని చెప్పింది. ఇందాక ఇంటికి పోయి, మళ్ళీ తిరిగొచ్చింది."

షెడ్డు వెనక అట్టపెట్టెల మధ్య ఉంది. తమ వీధిలోకి నా స్కూటర్ తిరగడం చూసి దాక్కుందట. తల్లి చెయ్యెత్తింది. ఆ చెయ్యి పట్టుకుని, బడికి ఎందుకు రావడం లేదని అడిగాను. ఆ పిల్ల నా వైపు చూడకుండా తల్లికే చెప్పింది.

"అరవం చదవడం రాలేదని మేడం నన్ను ఒకటో తరగతిలో కూర్చోబెట్టిందమ్మా. అందరూ నవ్వినారు."

నిజమే. ఇక్కడ తమిళం అందరూ చదవాల్సిందే. ఒక మధ్యాహ్నం చిరాకులో నేనే ఆ పని చేశాను. సాయంత్రానికి మరచిపోయాను కూడా. తల్లి నా చేతిలోంచి చెయ్యి విడిపించుకుని కూతురి తల నిమిరింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మేం ఇల్లు చేరాక తండ్రి తిరిగొచ్చి, కూతుర్ని చూసి, అరుగు మీద కూలబడ్డాడు. చెమట తుడుచుకుంటూ, "జరిమానా కట్టాల్నా మేడం?" అన్నాడు. వద్దని చెప్పి నోటీసు వెనక్కి తీసుకున్నాను.

తర్వాతి కమిటీలో జరిగిందంతా చెప్పాను, నా తప్పుతో సహా. పెద్దాయన తీర్మానాల పుస్తకం నా ముందుకు జరిపాడు.

"మరి రూలు ఏమయ్యేది?"

"రూలు ఉండనీండప్పా. నోటీసుకు ముందే ఇంటికి పోయి అడగాలని ఒక్క మాట చేర్చండి."

అయిష్టంగానే ఒప్పుకున్నారు. అదే ఏడు, రెండుసార్లు ఇంటికి వెళ్ళి బతిమాలినా కూతుర్ని కృష్ణగిరి మామిడి మండీకి పనికి పంపుతూనే ఉన్న ఒక తండ్రికి జరిమానా వేశాను. దానికి నేను బాధపడలేదు.

ఆ అమ్మాయి సోమవారం బడికి వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక నా గదిలో తమిళ అక్షరాలు దిద్దించేదాన్ని. అర్ధవార్షిక పరీక్షల నాటికి పాఠం తడబడకుండా చదివింది. కానీ నా మొహంలోకి చూసి మాట్లాడడానికి ఆ ఏడాదంతా పట్టింది.