డాల్ఫిన్ మోసిన బిడ్డ

బోధన్‌లో మా ఇంట్లోనే పురుడు పోసుకున్న అక్క, బిడ్డ పోయాక మాట్లాడడం మానేసింది. బావకు అండమాన్‌లో నౌకరీ. అక్కను దిగబెట్టడానికి నేనే వెళ్లాను. డాల్ఫిన్లను చూస్తే నవ్వుతుందేమోనని పడవ ఎక్కించాను.

ఒక డాల్ఫిన్ తన పిల్లను ముక్కుతో పైకి నెడుతూ కనిపించింది. "అక్కా, సూడే! తల్లి పిల్లనెట్ల ఆడిస్తున్నదో!" అని చప్పట్లు కొట్టాను.

పడవ నడిపే శ్రీకాకుళం తాత తెడ్డు ఆపి, తలపాగా తీశాడు. "ఆట కాదు తల్లీ. పిల్ల సచ్చిపోనాది. వదల్నేక మోసుకెల్తంది. ఇలాటప్పుడు మేం అడ్డెల్లం."

మా వైపు పసిబిడ్డను పూడ్చేచోటికి తల్లిని పోనివ్వరు. అక్క నోరు విప్పింది. "అదన్న బిడ్డెంబడి పోతున్నదే. నన్ను గడప గూడ దాటనియ్యకపోతిరి."

ఆ రోజు తలుపుకు అడ్డంగా నిలబడింది నేనే.