రక్తపింజరకు వేపాకు

వేప పూత వాసన తగిలితే అందరికీ పచ్చడి గుర్తొస్తుంది. నాకు మాత్రం రక్తపింజర కరిచి చావబోయిన ఎండాకాలపు మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఆ పాము కాగితం మీద ఉండిందన్నది చిన్న విషయం.

ఆ ఏడు దుబాయి నుంచి ఖానాపూర్‌కు సెలవు మీద వచ్చిన మా నాన్న తమ్ముడు చిన్నబాపు సూట్‌కేసులో, సబ్బుల వాసన పట్టిన ఖర్జూరాల అడుగున, మూత మీది పామును చూసి వైకుంఠపాళీ అనుకుని కొన్న అట్టపెట్టె ఒకటుంది. లోపల గళ్లూ లేవు, నిచ్చెనలూ లేవు. ఒక ఇంగ్లిషు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక ఉన్నాయి. పదో తరగతి అన్న డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టి, ఒకరు కథ చెప్పాలని, ఇంకొకరు వీరుడై అందులో తిరగాలని తేల్చాడు. నా వీరుడు కత్తుల మల్లయ్య. కోటంటే మాకు తెలిసింది నిర్మల్ కోటే కనుక రాక్షసులంతా అక్కడే కాపురం పెట్టారు. పక్క అర్రలో బాపమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, చింతపండు కొట్టి గింజలు తీస్తుంటే, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క చప్పరిస్తూ మల్లయ్యను మూడు వారాలు సాకాను. పదకొండు మంది రాక్షసులను చంపి, వెండి కత్తి సంపాదించి, నిధి మూట మీద చెయ్యి వేశాడు. మూట కింద పాము.

"గిది మన రక్తపింజరనే. పదికి మీద పడితే బతుకుతవ్," అన్నాడు అన్న.

మూడు పడింది.

"సచ్చినవ్ తమ్మీ."

"ఇంకోసారి ఏస్త!"

"పాము కరిసినంక ఇంకోసారేందిరా?"

"పాము కరిస్తే అందరు సస్తరా!" అని ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను.

మంచం నుంచి గడపదాకా రావడానికి మోకాళ్లను అరగంట బతిమాలుకునే బాపమ్మ, చింతగింజల మీద ఒట్టికాళ్లతో ఉరికొచ్చింది. ఏ కాలని అడగకుండానే చీరకొంగు చింపి నా పిక్కకు బిగించింది. వాకిట్లో వేపకొమ్మ విరిచి గుప్పెడు ఆకు నా నోట్లో కుక్కింది. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టని అప్పటి నమ్మకం.

"నములు కొడుకా! శేదున్నదా?"

"శేదున్నదే బాపమ్మా!"

"ఇంకింత నములు! యాడ కరిసింది?"

అన్న మెల్లగా పుస్తకం చూపించాడు. బాపమ్మ ఆ బొమ్మను చూసింది, మమ్మల్ని చూసింది. అన్నకొక దెబ్బ, వాడొక్కడే బాధపడకుండా నాకొకటి వేసింది. తర్వాత పిక్కకు కట్టిన ముడి విప్పబోతే ఆమెకు రాలేదు. అంత గట్టిగా బిగించింది. చివరికి అన్నే విప్పాడు.

చెంప రుద్దుకుంటూ వాడు పుస్తకం అంచున పెన్సిల్‌తో రాశాడు: వేపాకు నమిలి చేదు తెలిస్తే వీరుడు బతుకును. మల్లయ్య లేచాడు. ఆ ఎండాకాలమంతా మేకల్లాగా వేపాకు మేశాం. కడుపులో నట్టల మందు ఖర్చు మిగిలిందని అవ్వ, అంటే మా అమ్మ, సంతోషపడింది.

ఆ పుస్తకం చెదలకు నచ్చింది. సిమెంటు వాకిలికి అడ్డమని వేపచెట్టు కొట్టించారు. బాపమ్మా లేదు. నిజం పాము కరిస్తే దవాఖానకే పోవాలని ఇప్పుడు నాకూ తెలుసు. అంచులరిగిన పాచిక మాత్రం నా గడ్డం గీసుకునే డబ్బాలో ఉంది. తర్వాత ఎన్నో ఆటల్లో ఎన్నోసార్లు చచ్చాను. నేను చచ్చానని ఒట్టికాళ్లతో ఉరికొచ్చింది ఆమె ఒక్కతే.

ఇప్పుడు మూడు పడితే, మూడే.