మామిడి కొత్త దాకా ఆగిన పండురొట్టె

శనివారం పొద్దున్న అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు ఒలుస్తుంటే ఫోన్ మోగింది. అవతల వార్డెనమ్మ అక్క కూతురు. "అక్కా, పిన్ని..." అని ఆగిపోయింది. ఆ తరవాత మాట నాకు అక్కర్లేకపోయింది. చేతిలో గుడ్డు సగం ఒలిచి ఉంది. అది పూర్తిగా ఒలిచి, ఎదురుగా కూర్చున్న పిల్ల కంచంలో పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు బయటికెళ్ళి ఏడ్చాను. తినేవాళ్ళ ముందు ఏడవకూడదని నాకు నేర్పింది ఆవిడే.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. అనంతగిరి పక్కన, కాఫీ తోటల మధ్య చర్చివాళ్ళు నడిపిన చిన్న ఆడపిల్లల హాస్టల్లో ఆవిడ వార్డెన్. మైదానం మనిషి. భీమిలి వైపు నుంచి కొండెక్కి వచ్చి, మళ్ళీ దిగలేదు. నేను ఆరో తరగతిలో డుంబ్రిగుడ పక్క మా ఊరి నుంచి ఒక సంచీ, ఒక దుప్పటి, బోలెడంత పొగరు పట్టుకుని ఆ హాస్టల్లో చేరాను. సంచీ, దుప్పటి రెండేళ్ళకి చిరిగిపోయాయి. మూడోది ఇప్పటికీ ఉందని మా అమ్మ అంటుంది.

వార్డెనమ్మ పొట్టిగా ఉండేది. కళ్ళజోడుకి నల్ల దారం కట్టి మెళ్ళో వేసుకునేది. గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుకి తిప్పి ఉంచేది. "ముందుంటే తప్పేటి? ఆ పది నిమిషాలు నావి," అనేది. భోజనాల దగ్గర ఆవిడకి ఒకే ఒక్క నియమం. చివరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఆ చివరి మనిషి ఎప్పుడూ ఆవిడే. మెతుకు మెతుకూ పలకరిస్తున్నట్టు తినేది. మేం అరవై మందిమి చేతులు ఎండిపోయి, ఆవిడ కంచం వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం. "ఏటే గుంటా, అలా సూత్తన్నావు? నా ముద్దలు లెక్కెడతన్నావా?" అని నన్నే అడిగేది. గుంట అంటే ఆవిడ మాటల్లో పిల్ల అని. నిజంగానే లెక్కపెట్టేదాన్ని.

మాకు చపాతీలు పడేవి కావు. శనివారం సాయంత్రం చపాతీలంటే సగం అలాగే మిగిలిపోయేవి. ఆదివారం చర్చి అయ్యేసరికి అవి గట్టిపడి, చెప్పులకి అతుకు వేసుకోవచ్చు అన్నట్టుండేవి. ఆవిడ వాటిని పారెయ్యనిచ్చేది కాదు. పెద్ద సిల్వర్ గిన్నెకి లోపల నెయ్యి రాసేది, నెయ్యి లేని నెలలో నూనె. అంచుల మీదికి వేలాడేలా చపాతీలు పరిచేది. మధ్యలో పండు ముక్కలు, తురిమిన బెల్లం, చిటికెడు ఉప్పు, కొంచెం దాల్చినచెక్క, మా తోటల మిరియాలు నాలుగు దంచి వేసేది. అనాసపండైతే నీరు ఊరుతుంది కాబట్టి ఒక చెంచా బియ్యప్పిండి చల్లేది. వేలాడే అంచులు లోపలికి మడిచి, పైన ఇంకో చపాతీ కప్పి, దాని మీద బెల్లం నీళ్ళు పూసేది. గిన్నె మీద పెనం బోర్లించి ఆ పెనం మీద నిప్పులు పోసేది. కింద మాత్రం నాలుగంటే నాలుగు నిప్పులు.

"పైన నిప్పు, కింద నిబ్బరం. మనిషైనా అంతే," అనేది.

వాళ్ళమ్మ ఎక్కడో మిషన్ బంగళాలో వంట చేసేదట. అక్కడ ఓవెన్ ఉండేదట, మైదా పిండితో ఏదో చేసేవారట. "మనకి ఓవెనూ లేదు, మైదా లేదు. మిగిలిపోయిన సపాతీలున్నాయి, అరవై నోళ్ళున్నాయి," అని నవ్వేది. మేం దానికి పండురొట్టె అని పేరు పెట్టాం.

అది కాలడానికి ఆవిడ గడియారం చూసేది కాదు. పది నిమిషాలు ముందున్న గడియారం ఏం చెబుతుంది పాపం! మమ్మల్ని పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి పన్నెండో ఎక్కం నుంచి పంతొమ్మిదో ఎక్కం దాకా రెండుసార్లు చెప్పించేది. మధ్యలో ఎవరైనా తప్పితే ఆ ఎక్కం మళ్ళీ మొదటి నుంచి. పదిహేడో ఎక్కం దగ్గర వాసన మొదలయ్యేది. అప్పుడే అందరం తప్పేవాళ్ళం. "వాసన వచ్చిందని మూత తీసీకండి. వాసనకి తొందరెక్కువ, పండుకి కాదు." లెక్కల మాస్టారు మా ఎక్కాలు విని ఆశ్చర్యపోయేవారు. పదిహేడో ఎక్కం చెబితే ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరతాయి.

ఇక అసలు సంగతి. నేను చేరిన మొదటి ఏడాదే అది జరిగింది. వేసవి సెలవులకి కొన్నాళ్ళ ముందు భీమిలి నుంచి వాళ్ళక్క గంపెడు మామిడిపళ్ళు పంపింది. వార్డెనమ్మ సంబరంగా ఆదివారం మూడు గిన్నెల పండురొట్టె చేసింది. కోసి, అరవై కంచాల్లో పెట్టింది. ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాం. ఎవ్వరం ముట్టుకోలేదు.

మా కొండల్లో ఏ పంటైనా, ఏ పండైనా 'కొత్త' చెయ్యకుండా తినరు. ఊరి పెద్దలు ఒక రోజు పెడతారు. ఆ రోజు ముందు దేవతకీ, పోయిన పెద్దలకీ పెట్టి, అప్పుడు ఇంట్లోవాళ్ళు నోట్లో వేసుకుంటారు. చిక్కుడుకాయకి కొత్త ఉంది, సామకి కొత్త ఉంది. మామిడి కొత్త అన్నిటికన్నా పెద్దది. అది కాకముందు మామిడి తినడమంటే, ఇంట్లో పెద్దవాళ్ళు ఆకలితో కూర్చుని ఉంటే వాళ్ళ కంచం లాక్కుని తిన్నట్టు. మాలో ఏ ఊరికీ అప్పటికింకా మామిడి కొత్త కాలేదు. మైదానం నుంచి ఆ ఏడాదే వచ్చిన ఆవిడకి ఆ సంగతి తెలీదు. తెలిసిన మేం చెప్పలేదు.

ఆవిడ మొహం చూడాల్సింది. ముందు నవ్వింది, తరవాత బతిమాలింది, తరవాత కోప్పడింది. "నా సేతి వంట తినరా? నాదేటి తప్పు? నా మతం నచ్చలేదా, నేను నచ్చలేదా?" అని గదిలోకి వెళ్ళిపోయింది. అందరూ నా వైపు చూశారు. నోరున్న గుంటని నేనే కదా.

వెళ్ళి చూస్తే మంచం మీద కూర్చుని కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది. కళ్ళజోడు తడవడానికి కారణం కళ్ళే.

"అమ్మా, మామిడి కొత్త అవ్వలేదు. మా పెద్దోళ్ళకి పెట్టకుండా మేం తినకూడదు," అన్నాను.

అంతా విని, "మరి ముందే సెప్పొచ్చు కదే!" అంది.

"మీరు అడగలేదు కదమ్మా."

ఇంకొకరైతే ఒకటి పీకేవారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. లేచొచ్చి, అరవై కంచాల్లోవీ మళ్ళీ గిన్నెల్లోకి ఎత్తి, మూడు గిన్నెలూ జంక్షన్‌కి పట్టించుకెళ్ళి అరకు బస్సులో వాళ్ళకి పంచేసింది. తనూ ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. "మీరు సూత్తా కూసుంటే నాకెలా దిగుద్దే," అంది.

అక్కడితో ఆగలేదు. మర్నాడు వంటగది గోడ మీద బొగ్గుతో మా ఊళ్ళ పేర్లన్నీ రాసింది. ఏ ఊరి కొత్త ఎప్పుడో మమ్మల్ని అడిగి పక్కన రాసింది. ఒక్కో ఊరికి ఒక్కో రోజు. చివరి ఊరి కొత్త అయ్యేదాకా ఆ ఏడాది హాస్టల్లోకి మామిడి రాలేదు. సెలవులైపోయి జూన్‌లో మేం తిరిగొచ్చిన వారం, ఆఖరి కాపు పళ్ళతో పండురొట్టె చేసింది. అప్పట్నుంచి ప్రతి ఏడూ అంతే. బడి తెరిచిన రోజునే మేమంతా హాజరు. చదువు మీద ప్రేమ అని పైవాళ్ళు అనుకునేవారు.

ఒకసారి పాస్టరుగారు విసుక్కున్నారు. వాళ్ళ ఆచారం మీకెందుకమ్మా అని. ఆవిడ పళ్ళెం తుడుచుకుంటూనే జవాబిచ్చింది. "మొదటి పండు దేవుడిదని మనం సెప్తాం కదయ్యా. ఈళ్ళు సెప్పరు, సేత్తారు." ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

హాస్టల్ మూసేశాక ఆవిడ చర్చి పక్కనే రెండు గదుల ఇంట్లో ఉండిపోయింది. పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు. నెలనెలా వెళ్ళి చూసేదాన్ని నేనొక్కదాన్నే. గోడ మీద ఊళ్ళ లెక్క పోయి, ఆవిడకి మా ఊరొక్కటే మిగిలింది. ఉగాది దాటిందంటే ఫోన్. "మీ ఊళ్ళో కొత్తెప్పుడే గుంటా?" ఇద్దరు పిల్లల తల్లిని, నేనింకా గుంటనే. కొత్త అయిన మర్నాడు నేను పళ్ళు పట్టుకెళ్ళేదాన్ని, ఆవిడ చపాతీలు చేసి ఉంచేది. మేమిద్దరమే పొయ్యి ముందు కూర్చుని ఎక్కాలు చెప్పుకునేవాళ్ళం. ఆఖర్లో ఆవిడ పద్దెనిమిదో ఎక్కం మర్చిపోయేది. నేను అందించేదాన్ని.

ఈ ఏడాది ఆవిడ మంచం పట్టింది. అక్క కూతురు భీమిలి నుంచి వచ్చి చూసుకుంటోంది. ఆ ఫోన్ రావడానికి ముందు ఆదివారం నేను వెళ్ళేసరికి కిటికీ గట్టు మీద ఆరు మామిడిపళ్ళు వరసగా ఉన్నాయి. ఆ పిల్ల తెచ్చినవే. గదంతా పండు వాసన. నాలుగు రోజులుగా గంజి తప్ప ఏదీ దిగడం లేదట.

"పండురొట్టె తినాలనుందే," అంది వార్డెనమ్మ.

నేను కొంగు దోపుకుని లేచాను. "ఇప్పుడే చేసేస్తానమ్మా, బేగి అయిపోద్ది."

"మీ ఊరి కొత్తెప్పుడు?"

"రేపు కాక వచ్చే సోమవారం."

"అయితే సోమవారం సెయ్యి."

నాకు కోపమొచ్చింది. ఆవిడ మీద నాకు కోపం రావడం కొత్త కాదు గానీ, ఆ రోజు నిజంగా వచ్చింది. "మీకెందుకమ్మా మా కట్టుబాటు? మీరు మా కులమా, మా మతమా? మీకు మా పెద్దలు ఏం లెక్క?" అన్నాను.

ఆవిడ నవ్వింది. మాట చిన్నదైపోయింది. "ఇన్నేళ్ళు మీతో ఆగినాను. ఎనిమిది రోజులకి మాట పోగొట్టుకుంతానా? నువ్వు తినకుండా నాకెలా దిగుద్దే."

నేను కూర్చుండిపోయాను. ఎనిమిది రోజులెంత అనుకున్నాను.

ఆరో రోజు ఆవిడ పోయింది.

అప్పట్నుంచి నన్ను తినేస్తున్నది ఒక్కటే. 'ఈసారి కొత్త ముందే అయిపోయిందమ్మా' అని ఒక్క మాట అనుంటే చాలు. మంచంలో ఉన్న మనిషి, ఎవరిని అడుగుతుంది? నమ్మేసేది. రెండు ముద్దలు తినేది. చిన్నప్పుడు ఆవిడతో ఎన్ని అబద్ధాలాడలేదు! స్నానం చెయ్యకుండా చేశానన్నాను, బెల్లం దొంగిలించి చీమలు తినేశాయన్నాను. అన్ని అబద్ధాలు వచ్చిన దాన్ని, కావలసిన రోజున నిజం చెప్పి కూర్చున్నాను.

ఆదివారం చర్చి వెనక సమాధి చేశారు. తిరిగొస్తుంటే అక్క కూతురు ఒక సంచీ నా చేతికిచ్చింది. కిటికీ గట్టు మీది పళ్ళు. రెండు పాడైపోయాయట, నాలుగున్నాయి. "నన్ను కూడా ముట్టుకోనివ్వలేదక్కా. సోమవారం నువ్వొస్తావని చెప్పింది."

సోమవారం మా ఊళ్ళో మామిడి కొత్త. పొద్దున్నే చపాతీలు చేసి ఎండలో ఆరబెట్టాను, గట్టిపడాలి కదా. గిన్నె మీద పెనం బోర్లించి నిప్పులు పోశాను. ఎక్కాలు ఒక్కదాన్నే చెప్పుకున్నాను. పద్దెనిమిదో ఎక్కం నేనూ మర్చిపోయాను. అందించేవాళ్ళు లేరు. మొదటి నుంచి మొదలుపెట్టాను.

మా అమ్మ ఇంటి వెనక అలికి, పెద్దలకి విస్తళ్ళుగా అడ్డాకులు వేసింది. మా నాన్నకొకటి, తాతకొకటి, నానమ్మకొకటి. పక్కన ఇంకో ఆకు వేసింది. కొత్త చేయించడానికి వచ్చిన ఊరి పెద్ద అది చూసి, "అదెవులికి?" అన్నాడు.

"హాస్టల్ అమ్మకి."

"ఆవిడ మన మనిషేటి? ఆళ్ళ దేవుడు వేరు కదా."

మా అమ్మ తలెత్తలేదు. "మన పెద్దోళ్ళు తినేదాకా నోరు కట్టుకుని, ఆ ఆకలితోనే పోయింది. మన మనిషవడానికి ఇంకేటి సెయ్యాల?"

ఆ నాలుగో ఆకు మీద కూడా ఆయనే నీళ్ళు చల్లాడు.

నేను పండురొట్టె కోసి మొదటి ముక్క ఆ ఆకులో పెట్టాను. మిగతా ఆకుల ముందు ఏం చెప్పాలో మావాళ్ళకి తెలుసు. ఈ ఆకు ముందు చెప్పాల్సింది అక్కడ నాకొక్కదానికే వచ్చు. కళ్ళు మూసుకుని, అరవై మందిమి కలిసి చెప్పిన ఆ ప్రార్థనే మెల్లగా చెప్పాను. మా ఊరి పెద్ద ఆమెన్ అనలేదు గానీ, నేను అనేదాకా ఆగాడు.

కొంతసేపటికి అమ్మ లేచి ఆకులు తియ్యబోయింది. నాన్నవీ, తాతవీ, నానమ్మవీ తీసింది. "తినీసుంతారు. ఇక నువ్వు తిను," అంటూ నాలుగో ఆకు మీద చెయ్యి వేసింది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకాసేపు ఉండనీ అమ్మా. ఆవిడ నెమ్మదిగా తింటాది."