గేటు దగ్గరి రిజిస్టరు

ఆవిడ పేరు నాకు తెలీదు. తెలియకుండా తనే చూసుకుంది.

ఆ రోజు టాటానగర్ స్టేషను వెయిటింగ్ హాల్లో ఒకే మెయిలు మళ్లీ మళ్లీ చదువుతున్నాను. "నా మెయిల్ అడ్రసు మీకెవరిచ్చారు? చెప్పకపోతే లీగల్ నోటీసు పంపుతాను."

"ఏటయ్యింది బాబూ?" అంది పక్క కుర్చీలోని పెద్దావిడ.

భయంలో అంతా చెప్పేశాను. మేం ఫ్యాక్టరీలకు చేతి తొడుగులు అమ్ముతాం. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర విజిటర్ల రిజిస్టరుకి ఫోటో తీసి, అందులో మెయిల్ అడ్రసు రాసినవాళ్లందరికీ ప్రకటన పంపాను.

"అన్నీ కంపెనీ అడ్రసులేనమ్మా, సొంత మెయిళ్లు కావు."

"కంపెనీదైతే ఏటి? అడ్రసులో ముందర మనిషి పేరుంది గదా. ఆళ్లు రాసింది గేటు దాటడానికి. నీకు పనికొత్తాదని కాదు. ఆళ్లనడిగేవేటి?"

అడగలేదు. ఇక పంపొద్దని చెప్పడానికి ఆ మెయిల్లో దారి కూడా పెట్టలేదు.

ఇంతలో అటెండెంటు హాలు రిజిస్టరు తెచ్చి, "నామ్, మొబైల్ నంబర్ లిఖియే" అన్నాడు, పేరూ నంబరూ రాయమని. ఆవిడ రాసి, పుస్తకం నా వైపు జరిపి, తను రాసిన లైను మీద అరచెయ్యి పెట్టింది.

నేను రాయడం అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.