బాలమణి మొదటి వంతు

బాలమణికి స్వరాజ్యలక్ష్మి అంటే పడదు. ఎందుకు పడదని అడిగితే బాలమణి చెప్పలేదు, చెప్పుకోదగ్గ తప్పేదీ స్వరాజ్యలక్ష్మి ఏనాడూ చేసిన పాపాన పోలేదు మరి. అసలు బాధ అదే. తప్పు చేసే మనిషైతే నాలుగు తిట్లు తిట్టుకొని ఊరుకోవచ్చు. మంచి మనిషిని చూసి కుళ్ళుకోవడమంత కష్టం ఇంకోటి లేదు.

సిద్దిపేటలో పాత బస్టాండు వెనక సందులో బాలమణికి పిండిగిర్ని ఉంది. మొగుడు యాదగిరి చిన్నకోడూరు దిక్కు తాళ్ళెక్కి కల్లు గీస్తాడు. పొద్దంతా గిర్ని చప్పుడులో అరిచి అరిచి ఆమె గొంతు పెద్దదైంది, కనుబొమ్మల మీద జొన్నపిండి ఎప్పుడూ దులపకుండానే ఉంటుంది. స్వరాజ్యలక్ష్మి కారం, పసుపు పట్టించుకోవడానికి కారులో వస్తుంది. ఫంక్షన్ హాలు వాళ్ళదే, పొలాలు వాళ్ళవే. అంత ఉండి కూడా స్టూలు లాక్కొని కూర్చుని, "నీ గిర్ని పిండి తోటే రొట్టె మెత్తగొస్తది చెల్లే" అంటుంది. బాలమణి పైకి నవ్వుతుంది. లోపల కడుపు మండుతుంది.

పోయిన ఎండాకాలం ఆ మంటలో కిరసనాయిలు పడ్డది. స్వరాజ్యలక్ష్మికి వందన అనే కోడలు వచ్చింది. యూనివర్సిటీ జట్టులో ఫుట్‌బాల్ ఆడి మెడల్స్ తెచ్చిన పిల్ల. పొద్దున్నే అత్తాకోడళ్ళు ఒకే రంగు బూట్లు వేసుకొని స్టేడియానికి నడకకు వచ్చేవాళ్ళు. బాలమణి కోడలు మాత్రం గజ్వేల్‌లో వేరు కాపురం పెట్టి, ఫోన్ చేస్తే మొగుడి చేతికిచ్చేస్తుంది. పెట్టిపుట్టిన వాళ్ళకు కోడళ్ళు కూడా ఏరి ఏరి దొరుకుతారు కాబోలు అనుకునేది బాలమణి.

ఇక ఆ స్టేడియం సంగతి. నడకకు వచ్చే ఆడవాళ్ళను చూసి రిటైరైన డ్రిల్లు సారు వెంకటనర్సయ్య ఒకనాడు, "నోళ్ళు తప్ప మీ కాళ్ళు కదుల్తలేవమ్మా" అని ఒక బంతి విసిరాడు. అట్లా మొదలైంది. నాలుగు గల్లీలకు నాలుగు జట్లు, చలికాలంలో పోటీలు. గిర్ని గల్లీ జట్టుకు బాలమణి కెప్టెన్. ఆ గంటసేపు ఆమె చెవుల్లో గిర్ని చప్పుడు ఉండదు. "బాలమణీ, ఇటియ్యి!" అని తన పేరు పెట్టి పిలిచే కేకలే ఉంటాయి. బతుకు మొత్తంలో తనకంటూ ఉన్న గంట అదొక్కటే అని ఆమెకు తెలుసు.

కానీ గిర్ని గల్లీ రెండేళ్ళుగా ఒక్క ఆటా గెలవలేదు. గోల్ కాసే బాలవ్వ బంతి రాగానే కళ్ళు మూసుకుంటుంది. మూసుకోవద్దు అంటే, "కన్ను పోతే నువ్విస్తవా?" అని అడుగుతుంది. సారుకు విసుగొచ్చింది. "ఈసారి ఒక్క ఆటన్న గెలవకపోతే మీ జట్టు బందు. మిమ్మల్ని తలా ఇంత మిగిలిన మూడు జట్లు పంచుకుంటయి" అన్నాడు.

కొత్తగా ఆటకు పేరిచ్చిన వాళ్ళను కెప్టెన్లు వంతులవారీగా పిలుచుకోవాలి. వంతు ఎవరిదో సారు టోపీలోంచి చీటీలు తీసి తేల్చుకుంటారు. పిలిచిన జట్టుకు పోవలసిందే, తోటికోడలు జట్టని, వియ్యపురాలి జట్టని వద్దనడానికి లేదు. ఆ యేడు బాలమణి చేతికి ఒకటో చీటీ వచ్చింది. పక్క గల్లీ కెప్టెన్ స్వరాజ్యలక్ష్మికి రెండోది.

బాలమణికి కావలసింది ఎవరో గల్లీలో పసిపిల్లలను అడిగినా చెబుతారు. ఉషా. మేస్త్రీ పనికి పోయే మనిషి. కింద నుంచి విసిరిన ఇటుకలు పైఅంతస్తులో నిలబడి ఒక్కటీ జారకుండా పట్టే ఉషా గోల్‌లో నిలబడితే బంతి ఎక్కడికి పోతుంది?

పిలుపులకు ముందురోజు స్వరాజ్యలక్ష్మి గిర్నికి వచ్చింది. చేతిలో కారం సంచీ లేదు. ఒట్టి చేతులతో రావడం అదే మొదలు.

"చెల్లే, నీ మొదటి వంతు నాకియ్యి. నా రెండో వంతు నువ్వు తీస్కో. మలి చుట్టుల నా వంతు గూడ నీదే. నాకు ఒక్కరే చాలు, నువ్వు ముగ్గుర్ని తెచ్చుకో."

"ఎవర్ని పిలుస్తవక్కా?"

"మా వందనను. పిల్ల నా దగ్గర్నే ఉండనియ్యి."

"ఎందుకో?"

స్వరాజ్యలక్ష్మి ఏదో చెప్పబోయి ఆగింది. "ఊకెనే. నా దగ్గరుంటె నాకు నిమ్మలం" అంది.

ఆమె వెళ్ళాక యాదగిరి లోపలి నుంచి వచ్చాడు. "ఇయ్యరాదే! ఒక కల్లు లొట్టి ఇస్తె రెండు లొట్లు వస్తున్నయి. ఉషా వస్తది, ఇంకిద్దరు వస్తరు. గింత మంచి బేరం ఎవరన్న ఇడిసిపెడ్తరా?"

"రెండు వంతులు ఒదులుకుంటుందంటె ఆ పిల్ల కాళ్ళల్ల ఎంత కత ఉన్నదో సూడు" అంది బాలమణి. "కారు ఆమెకే, హాలు ఆమెకే, బంగారమసొంటి కోడలు ఆమెకే. ఇగ కప్పు గూడ ఆమెకేనా?"

"నీకు జట్టు కావాల్నా, ఆమె ఏడ్వాల్నా?"

బాలమణి వినే రకం కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ రాత్రి ఆమె కళ్ళ ముందు ఆడింది ఉషా కాదు, వందన. ఆ పిల్ల తన జట్టు బనీను తొడుక్కొని, అత్త చూస్తుండగా, "ఏం చెయ్యమంటవు చిన్నత్తమ్మా?" అని తనను అడుగుతున్నట్టు ఊహించుకొని ఆమె కమ్మగా నిద్రపోయింది.

మర్నాడు అందరి ముందూ "వందన!" అని పిలిచింది. వందన ముందు అత్త మొహం చూసి, తర్వాత మెల్లగా వచ్చి నిలబడింది. స్వరాజ్యలక్ష్మి మొహం మాడిపోయింది. బాలమణికి పండుగే అయింది. రెండో పిలుపులో స్వరాజ్యలక్ష్మి ఉషాను తీసుకుంది, చేసేదేముంది!

ఆ పండుగ మొదటి ఆట దాకానే. వందన పరుగెత్తలేదు. కాలు బెణికిందని చెప్పి ఒక పక్క నిలబడింది, బంతి కాళ్ళ దగ్గరికొస్తే తన్నింది, లేకుంటే లేదు. గిర్ని గల్లీ ఓడిపోయింది. రెండో ఆటా అంతే. జట్టులో గుసగుసలు లేచాయి. అత్త నేర్పి పంపిందన్నారు. బాలమణికి నమ్మబుద్ధయింది, అందుకే నమ్మింది.

చివరి ఆట స్వరాజ్యలక్ష్మి జట్టుతోనే. అప్పటికి వాళ్ళు రెండు ఆటలూ గెలిచి ఉన్నారు. మొదలుకాక ముందే స్వరాజ్యలక్ష్మి గీత దాకా వచ్చింది.

"చెల్లే, పిల్లకు పాణం బాగలేదు. కూసోబెట్టు, నీ కాళ్ళు మొక్కుత."

కాళ్ళు మొక్కుతానన్నా బాలమణి గుండె కరగలేదు సరికదా ఇంకా గట్టిపడింది. ఓటమి భయం ఎంతమాట అనిపిస్తుందో చూడమని లోపల నవ్వుకుంది. వందనను తీసుకుపోయి తమ గోల్‌కు అడ్డంగా నిలబెట్టి, "ఇయ్యాల మీ అత్త సూస్తుండంగ ఆడాలె బిడ్డా" అంది. వందన పెదవి కొరుక్కొని తలూపింది.

దేవుడు కూడా ఒక్కొక్కసారి తమాషా చేస్తాడు. మధ్యలో బాలమణే ఒక బంతిని గుడ్డిగా తన్నింది. అది ఎవరి వీపుకో తగిలి, ఇటుకలు పట్టే ఉషాను కూడా తప్పించుకొని గోల్‌లో పడింది. గిర్ని గల్లీ గొంతులు పోయేలా అరిచింది. బాలవ్వ కళ్ళు మూసుకొనే రెండు బంతులు ఆపింది. ఇంకాసేపు నిలబడితే జట్టు నిలుస్తుంది. సారు మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

అప్పుడు స్నేహ తన్నింది. స్వరాజ్యలక్ష్మి జట్టులో గట్టి కాలు ఆమెది. బంతి జోరుగా వందన మీదికి వచ్చింది. తలతో కొట్టొచ్చు, ఛాతీతో ఆపొచ్చు, ఆ పిల్లకు రాని విద్యా అది? కానీ వందన రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకొని ఒంగిపోయింది. బంతి చేతులకు తగిలింది. సారు విజిల్ ఊదాడు. పెనాల్టీ.

"సూసిన్రా! కావాల్నని చేతులు వెట్టింది!" అని బాలవ్వ మొదలుపెట్టింది. జట్టు జట్టంతా వందన మీదికి లేచింది.

బాలమణి మాత్రం ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది. ఇద్దరు పిల్లలను మోసిన మనిషి ఆమె. పడిపోయేటప్పుడు చేతులు నేలకు ఆనుతాయి, దెబ్బ వచ్చేటప్పుడు మొహానికి అడ్డం పోతాయి. పొట్టకు అట్లా పోవడానికి కారణం ఒక్కటే. అవతల నుంచి స్వరాజ్యలక్ష్మి చెప్పులు జారిపోతున్నా చూసుకోకుండా ఉరికి వస్తోంది. పెనాల్టీ దొరికిన కెప్టెన్ మొహం కాదది. వచ్చి కోడలిని పొదివి పట్టుకొని బాలమణి వైపు చూసింది.

"ఎన్నో నెల అక్కా?" అని పెదవి కదిలీ కదలకుండా అడిగింది బాలమణి.

"రెండు. పేరిచ్చినంక తెలిసింది. పేరు తీసేస్తె ఎందుకని ఊరంత అడుగుతది. మూడు నిండకుంట ఎట్ల చెప్పుకుంటం?" స్వరాజ్యలక్ష్మి కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది. "నా జట్టులుంటె కూసోబెట్టుకుందునని..."

మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టరు. దిష్టి తగులుతుందని. ఎవరి దిష్టికి భయపడ్డదో బాలమణికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పెనాల్టీ గోల్ అయింది. ఒకటికి ఒకటి. ఆట సమం, గెలుపు కాదు. గిర్ని గల్లీ జట్టు అక్కడికి సరి.

బయట అందరూ ఆమెను చుట్టుముట్టారు. ఉషాను వదిలి ఈ పిల్లను ఎందుకు పిలిచావన్నారు. అత్తాకోడళ్ళు కలిసి ముంచారా లేదా చెప్పమన్నారు. ఒక్క మాట చెబితే వందన మీద నింద పోతుంది. ఆ ఒక్క మాటా చెప్పేది కాదు. బాలమణి పెద్ద గొంతు చిన్నదైంది.

"వాళ్ళేం ముంచలే. కాలు బాగలేదని చెప్పంగ చెప్పంగ నేనే నిలబెట్టిన. నా కండ్లల్ల నిప్పులు వోస్కొని నేనే ముంచిన. తిడ్తె నన్ను తిట్టున్రి."

తిట్టారు. మొహమాటం లేకుండా తిట్టారు.

ఆదివారం పంపకం. గిర్ని గల్లీ ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు, చివరన బాలమణి. కప్పు గెలిచిన కెప్టెన్ కాబట్టి మొదటి వంతు స్వరాజ్యలక్ష్మిది. పక్కన కుర్చీలో వందన కూర్చొని ఉంది. వరసలో ఎంత లేదన్నా నలుగురు తనకంటే బాగా ఆడతారని బాలమణికి తెలుసు. తనను ఆఖరున, మిగిలిన సరుకులా ఎవరో తీసుకుంటారు.

"బాలమణి" అంది స్వరాజ్యలక్ష్మి.

బాలమణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే లోపల పాత మంట భగ్గుమంది. కారు ఆమెకే, కోడలు ఆమెకే, చివరికి పెద్దమనసు కూడా ఆమెకేనా! ఇంత కుళ్ళుకోవడానికి తనకు సిగ్గుండాలి అనుకుంటూనే బాలమణి గబగబా వెళ్ళి స్వరాజ్యలక్ష్మి చెయ్యి పట్టుకుంది.

"నీకేమన్న పిచ్చా అక్కా? మొదటి వంతు నా మీద పాడు చేస్కుంటరా ఎవరన్న? ఆ వంతు పక్క జట్టోళ్ళకిచ్చి రెండు వంతులు తీస్కో. నేను యాడికి పోత? ఆఖర్కి పిలువు, అప్పుడొస్త."