డాష్‌బోర్డు మీది వినాయకుడు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చోగానే మళ్లీ ఫోన్ తీశాను. అమ్మకానికి పెట్టిన ఓ పాత లగ్జరీ కారు ఫొటోలు అప్పటికి చాలాసార్లు చూశాను. డాష్‌బోర్డు మీద చిన్న ఇత్తడి వినాయకుడు ఉన్నాడు. భక్తిగల మనిషి, కారును బాగానే చూసుకుని ఉంటాడని నా ధైర్యం.

పక్క సీట్లో పెద్దాయన కూడా ఫొటో చూశాడు.

"సొంతంగ అమ్ముకునేటోడు ముందుగాల దేవుణ్ణి ఇంటికి తీసుకపోతడు తమ్మీ. దేవుడు ఇంక గాడనే ఉన్నడంటే ఫైనాన్సోళ్లు బండి గుంజుకొచ్చిండ్రన్నట్టు."

"అయితే కొనొద్దంటారా?"

"ఎందుకు కొనొద్దు? బండి మంచిదే కావచ్చు. ఊకె నిలబడి ఉంటది గద, బ్యాటరీ, టైర్లు జర చూపిచ్చుకో."

"మీకెలా తెలుసండీ ఇదంతా?"

ఆయన నా ఫోన్ మీద వేళ్లు పెట్టి ఫొటోను పెద్దది చేసి చూశాడు.

"మాది గాదు. మా బండిల ఎంకన్న సామి ఉండె. దేవుణ్ణి దించుకుంటనన్నా ఫైనాన్సోళ్లు ఆగలే."

ఎల్బీనగర్ వచ్చింది. దిగగానే ఆయన జనంలో కలిసిపోయాడు.

మెకానిక్‌కి చూపించి ఆ కారే కొన్నాను. బ్యాటరీ మార్చాను. వినాయకుణ్ణి మాత్రం కదపలేదు. ఎవరైనా వచ్చి అడిగితే ఇచ్చేయాలి.