సుభద్రమ్మ గారి ఎర్ర కారుకు నేను చేసిన మరమ్మతు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్‌లో దీని మీద ఇప్పటికే నాలుగు కథలు తిరుగుతున్నాయి. ఒక కథలో నేను కారు కింద ఇరుక్కుపోతే నలుగురు కాళ్లు పట్టుకుని బయటికి లాగారట. ఇంకో కథలో పనంతా ముషీరాబాద్ మెకానిక్ చేస్తుంటే నేను పక్కన టార్చిలైటు పట్టుకున్నానట. మొదటి కథను భరించగలను. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోను. ఆ కారు పని చెడగొట్టింది నేను. మొదటి నుంచి చివరి దాకా, ఎవరి సాయం లేకుండా, పూర్తిగా నేనే చెడగొట్టాను. ఆ ఘనతలో ఇంకొకరికి వాటా ఇవ్వను.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నారాయణగూడలో ఒక కాగితాల దుకాణంలో ఉద్యోగం. డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగిపోయింది కానీ చదువు ఆగలేదు. దుకాణానికి సెలవైన మంగళవారమంతా, మిగతా రోజుల్లో సాయంత్రం ఓ గంట, చిక్కడపల్లి గ్రంథాలయమే నా కాలేజీ. తేనెటీగల పెంపకం నుంచి గుండె కవాటాల దాకా ఏది దొరికితే అది చదివాను. పుస్తకం చూసి మా మిక్సీ బాగుచేశాను. పై ఫ్లాటు వారి గోడ గడియారం బాగుచేశాను. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. గడియారం అయితే మిగతా గడియారాల కన్నా కాస్త ముందే నడుస్తోంది.

ఇక కారు సంగతి. మొదటి అంతస్తులో సుభద్రమ్మ గారుండేవారు. వాళ్ల నాన్నగారు ఎప్పుడో తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక, అందరూ తీర్థయాత్రలకు పోతారనుకుంటుంటే, ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పాతది కొనుక్కొచ్చారు. మన దేశంలోనే కొన్నాళ్లు తయారై ఆగిపోయిన రకం. పైకప్పు గుడ్డతో చేసింది, గొడుగులా మడిచేయొచ్చు. ఆవిడ తెల్లజుట్టు గాలికి ఎగురుతుంటే చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర ఆర్టీసీ బస్సు డ్రైవర్లు కూడా తొంగి చూసేవారు.

ఆ కారు రెండు మూడేళ్లు బాగానే తిరిగింది. తర్వాత మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టకటకమని, ఎవరో కొయ్య చెప్పులతో పరిగెత్తుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు పెరిగి పెరిగి ఒకరోజు కారు పార్కింగ్‌లోనే నిలిచిపోయింది. ఇద్దరు మెకానిక్‌లు చూసి, ఈ కారుకు సామాను దొరకదని చేతులెత్తేశారు. ఆరు నెలలు దుమ్ము పట్టింది. ఒక పిల్లి దాని గుడ్డ కప్పు మీద కాపురం పెట్టింది. అప్పుడు అసోసియేషన్ సెక్రటరీ ప్రసాద్ గారు నోటీసు అంటించారు. ఆదివారం పది గంటలకు సభ్యుల సమావేశం. ఆ లోపు కారు తనంతట తాను కదిలితే సరే, లేకపోతే అది కారు కాదు, తుక్కు. తుక్కుకు పార్కింగ్‌లో చోటు లేదు.

సుభద్రమ్మ గారు ఆ నోటీసు చదివారు. కారు దగ్గరికి వెళ్లి పిల్లిని దింపి, కొంగుతో అద్దం తుడిచారు. అది చూసి నేను ఉండలేకపోయాను.

"నేను చూస్తానండీ" అన్నాను.

"నీకు కార్ల పని వచ్చా భాస్కర్?"

"రాదండీ. మంగళవారానికి వస్తుంది."

వచ్చింది కూడా. గ్రంథాలయంలో కార్ల మరమ్మతు మీద ఇటుకంత పుస్తకం ఒకటి ఉంది. ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చేది ఒక ఇనుప కడ్డీ. దాని చివర మన మణికట్టులా ఎటైనా తిరిగే జాయింటు ఉంటుంది. కొబ్బరికాయంత ఉక్కు గిన్నె, అందులో ఆరు గుండ్లు, నిండా గ్రీజు. ఆ గ్రీజు కారకుండా, దుమ్ము చొరకుండా పైన మడతలు మడతల రబ్బరు తొడుగు. మా కారుకు రెండు వైపులా తొడుగులు చిరిగి, గ్రీజు పోయి, గుండ్లు అరిగాయి. అంతే రోగం. ఇలాంటి కార్లు తయారు చేసేవాళ్లు జాయింట్లను మామూలు చిన్న కార్ల నుంచే తెచ్చుకుంటారని కూడా అదే పుస్తకంలో చదివాను. కారు కిందికి దూరి, విప్పకుండానే అరిగిన జాయింటు కొలతలు తీసుకుని వెళితే కాచిగూడలో పది నిమిషాల్లో రెండు కొత్త జాయింట్లు, రెండు రబ్బరు తొడుగులు దొరికాయి. ఇద్దరు మెకానిక్‌లు ఓడిన చోట నేను పేజీలు తిప్పి గెలిచాను. మీరు నవ్వే ముందు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు కదా అంటారేమో. చేత్తో రాసుకున్నదే బుర్రకెక్కుతుందని నా నమ్మకం. బొమ్మలతో సహా నోటుబుక్కులో దించాను. పక్కన గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న ఒకాయన కాసేపు తొంగి చూసి, "అన్నా, ఇది ఏ పేపర్ల వస్తది?" అని భయంగా అడిగాడు.

విప్పడానికి ఏడు మెట్లు రాసుకున్నాను. ఒకటి, పాత రబ్బరు తొడుగు కోసి తీసేయాలి. రెండు, చక్రం మధ్య పెద్ద నట్టు వదులు చేయాలి. మూడు, కారును జాకీ మీద ఎత్తాలి. నాలుగు, చక్రం ఊడదీయాలి. ఐదు, చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే ఇనుప చేయి విడదీయాలి. ఆరు, కడ్డీని చక్రం గూడులోంచి లాగాలి. ఏడు, కడ్డీ నుంచి జాయింటు కొట్టి తీయాలి. ఆ తర్వాత పుస్తకం ఒకే ఒక్క అందమైన వాక్యం రాసింది: తిరిగి బిగించడం, విప్పిన వరసకు సరిగ్గా వ్యతిరేకం. ఎంత పొదుపు, ఎంత తర్కం! పుస్తకాన్ని భక్తిగా మూసి అలమరలో పెట్టి వచ్చాను.

శనివారం దుకాణానికి సెలవు పెట్టి పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. సమయం కలిసొస్తుందని రెండు వైపులా ఒకేసారి విప్పాను. వాచ్‌మన్ యాదగిరి పక్కన కూర్చుని పనిముట్లు అందించాడు. అతనిది మహబూబ్‌నగర్ వైపు. ఇక్కడికి రాకముందు ఇరవై ఏళ్లు మేస్త్రీ పని చేశాడు. పెద్ద నట్టు రాకపోతే స్పానర్‌కు నీళ్ల పైపు తొడిగి దాని మీద నిలబడమన్నది అతనే. పాత జాయింట్లు మాత్రం నా చేతిలో దారుణంగా చచ్చాయి. ఎక్కడ కొట్టాలో తెలియక ఎక్కడ పడితే అక్కడ కొట్టి, గిన్నె పగిలి, గుండ్లు పార్కింగంతా దొర్లాక గానీ ఊడిరాలేదు.

బిగించడం సంగీతంలా సాగింది. ఏడో మెట్టు నుంచి వెనక్కి. కొత్త జాయింట్లో గ్రీజు కూరి కడ్డీకి ఎక్కించి ఒక్క దెబ్బ వేస్తే జాయింటును కడ్డీకి పట్టి ఉంచే లాక్ రింగు టక్కున పడింది. ఆ దెబ్బకు సుత్తి ఎత్తకముందే యాదగిరి ఒక తొడుగు చేతిలో పట్టుకుని అడిగాడు.

"సార్, గీ రబ్బరు ఎప్పుడు ఎక్కిస్తం?"

నోటుబుక్కు చూపించాను. "తొడుగు తీయడం ఒకటో మెట్టు. కాబట్టి ఎక్కించడం ఆఖరు మెట్టు."

కడ్డీ గూడులోకి వెళ్లాక మళ్లీ అడిగాడు. మళ్లీ నోటుబుక్కు చూపించాను. చక్రాలు బిగించేటప్పుడు మూడోసారి అడిగాడు. ఈసారి కొంచెం గట్టిగానే, ఇది పుస్తకంలో ఉన్న వరస అని చెప్పాను. ఇక అడగలేదు.

నాలుగు గంటలకు కారు నాలుగు చక్రాల మీద రాణిలా నిలబడింది. పెద్ద నట్లు బిగిశాయి. అప్పుడు తీరిగ్గా తొడుగు తీసుకుని కారు కిందికి దూరాను. తొడుగు ఒక మూతి గాజంత. అది కడ్డీని పట్టుకుని ఉండాలి. కడ్డీకి ఆ చివర గేర్‌బాక్సు. ఈ చివర కొబ్బరికాయంత జాయింటు, దాని వెనక చక్రం. తొడుగుకు ఎక్కడా చీలిక లేదు. దాన్ని ఎటు నుంచి ఎక్కించాలి?

ఎటు నుంచీ కాదు. ఎక్కడానికి ఒక్క సమయమే ఉంది, అది మధ్యాహ్నమే దాటిపోయింది. పాతదాన్ని కత్తితో కోసి తీశాను కాబట్టి అది ఒకటో మెట్టయింది. కొత్తదాన్ని కోసి ఎక్కించలేను. కారు కింద వెల్లకిలా పడుకుని ఈ తర్కాన్ని పావుగంట ఆలోచించాను. ఎక్కడా లోపం కనిపించలేదు. తొడుగు మాత్రం ఎక్కలేదు.

యాదగిరి వంగి చూశాడు. "బూట్లు ఏస్కున్నంక ప్యాంటు ఏస్కున్నట్టయింది సార్."

"నీకు ముందే తెలుసా?"

"తెల్సు."

"మరి గట్టిగా చెప్పొచ్చు కదా."

"నువ్వు నాలుగు పేజీలు రాసుకొచ్చినవ్. నేను రెండు క్లాసులు సదివిన. నీతోని నేనేం కొట్లాడ్త?"

సరిగ్గా అప్పుడే సుభద్రమ్మ గారు కాఫీ తీసుకుని దిగారు. "ఎంతవరకు వచ్చింది భాస్కర్?"

"తొంభై తొమ్మిది శాతం అయిపోయిందండీ."

"మిగిలిన ఒక శాతం ఏమిటయ్యా?"

"మొత్తం విప్పాలండీ."

ఆవిడ నవ్వలేదు. నాకు భయమేసింది. రేపు ఒక్క రౌండుకే కదా, తొడుగు బదులు పాలిథిన్ కవరు చుట్టి దారం కడతానన్నాను. గ్రీజు వారం రోజులైనా నిలుస్తుందన్నాను.

"ప్రసాద్ గారికి చూపించడానికి కొనుక్కోలేదయ్యా ఈ కారు, తిరగడానికి కొనుక్కున్నాను. వారం రోజులకైతే తుక్కుకే పోనీ" అని కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

విప్పడం నాకు వచ్చు. కానీ పాత జాయింటును తీసినట్టు కొత్తదాన్ని తీస్తే అదీ చస్తుంది. ఆ సాయంత్రమే యాదగిరి నన్ను ముషీరాబాద్‌లో తనకు తెలిసిన ఖలీల్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆయన శుక్రవారం సెలవు తీసుకుని ఆదివారం పనిచేసే మనిషి. మర్నాడు పొద్దున ఏడింటికి ఒక సుత్తి, ఒక ఇత్తడి కడ్డీతో వచ్చాడు. కారు కిందికి వంగి చాలాసేపు చూశాడు. అటు వైపు వెళ్లి అక్కడా చూశాడు.

"రెండు దిక్కుల గిట్లనే చేసినవా?"

"అవును భాయ్."

"నలభై ఏండ్లయింది నేను ఈ పనిల వడి. గింత సాఫ్‌గ చేసిన గలత్ పని నేను చూడలే."

ఈ మాటను నేను ఇప్పటికీ ప్రశంసగానే లెక్కపెట్టుకుంటాను. మీరు ఏమైనా అనుకోండి.

ముగ్గురం కలిసి విప్పేసరికి ఎనిమిదిన్నర. ఖలీల్ భాయ్ కుడివైపు జాయింటులో, గుండ్ల మధ్య కడ్డీని పట్టుకున్న లోపలి ఉంగరం మీద ఇత్తడి కడ్డీ ఆనించి ఒకే ఒక్క దెబ్బ వేశాడు. జాయింటు పూలదండ జారినట్టు చేతిలోకి వచ్చింది. నేను నిన్నంతా గిన్నెను కొట్టాను. కొట్టాల్సింది లోపలి ఉంగరాన్ని.

"ఎడమది నువ్వు కొట్టు" అని సుత్తి నాకిచ్చాడు.

కొట్టాను. ఒక్క దెబ్బకే వచ్చింది. ఆ వైపు తొడుగు ముందు ఎక్కించి, జాయింటు బిగించి, చక్రం పెట్టింది నేనే, ఖలీల్ భాయ్ చేతులు కట్టుకుని చూస్తుండగా. పదికి ఐదు నిమిషాలు ఉందనగా రెండు వైపులా పూర్తయింది.

సభ్యులందరూ గేటు దగ్గర చేరారు. నారాయణగూడ చౌరస్తా దాకా వెళ్లి రావాలని ప్రసాద్ గారు షరతు చెప్పారు. సుభద్రమ్మ గారు కప్పు మడిచి, కళ్లజోడు పెట్టుకుని, స్టీరింగు పూర్తిగా తిప్పి గేటు దాటారు. చప్పుడు లేదు. పిల్లి కూడా నివ్వెరపోయి చూసింది.

పదిహేను నిమిషాలైంది, రాలేదు. అరగంటైంది. ఫోన్ ఎత్తలేదు. అందరూ నా వైపు చూస్తుంటే నేను ఎడమ జాయింటు గురించే ఆలోచిస్తున్నాను. గంటైంది. ప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు. గంటన్నరకు ఫోన్ మోగింది. "హిమాయత్‌నగర్‌లో ఇడ్లీ తింటున్నానయ్యా. ఎండ బాగుంది. ఇంకాస్త తిరిగొస్తాను. మీరు మీటింగు కానిచ్చేయండి."

ప్రసాద్ గారు చట్టం తప్పని మనిషి. రిజిస్టరు తెరిచి ఇలా రాశారు: "సదరు కారు కదులునా, కదలదా అని పరిశీలించుటకు సభ్యులు పార్కింగునకు వెళ్లగా, కారు అచ్చట లేదు. కావున కదులునని నిర్ధారించడమైనది."

తర్వాతి మంగళవారం గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకం మళ్లీ తీశాను. నా అందమైన వాక్యం చివర చుక్క లేదు, కామా ఉంది. పేజీ తిప్పితే, "ఈ కింది మినహాయింపులతో" అని ఉంది. మొదటి మినహాయింపే రబ్బరు తొడుగు. పుస్తకం తప్పు చేయలేదని తెలిసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అందుకని ఈ అపార్ట్‌మెంట్ సమస్త నివాసుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ బండి విప్పినా కొత్త తొడుగులు ముందుగా నా చేతులకు గాజుల్లా వేసుకుని, వాటి వంతు వచ్చేదాకా తీయను. ఏ వాక్యాన్నీ పేజీ తిప్పకుండా నమ్మను.

కారును నా చేతికి నమ్మి ఇచ్చిన సుభద్రమ్మ గారికి, సుత్తి ఇచ్చిన ఖలీల్ భాయ్‌కి, లేని కారును చూసి తీర్పు రాసిన ప్రసాద్ గారికి ధన్యవాదాలు. యాదగిరికి రెండు ధన్యవాదాలు. ఒకటి, మూడుసార్లు అడిగినందుకు. రెండోది, మొదటిసారే గట్టిగా చెప్పనందుకు. చెప్పి ఉంటే పని శనివారమే సవ్యంగా ముగిసేది, ఎడమవైపు ఆ ఒక్క దెబ్బ నేను కొట్టేవాణ్ణే కాదు.